పలక నిలబడింది, ఆకాశ్ ఎందుకు నిలబడలేదు?

ముందు ఒక గ్యాడ్జెట్ స్పెక్స్ చూడండి. డిస్‌ప్లే: మార్కాపురం నల్లరాయి. ఫ్రేమ్: చెక్క. ఇన్‌పుట్: బలపం. రీసెట్: తడిగుడ్డ. ఛార్జింగ్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, మిట్టమధ్యాహ్నం ఎండలోనూ స్క్రీన్ కనిపిస్తుంది. పశ్చిమ ప్రకాశం క్వారీల రాయితో చేసిన ఈ పలకల మీదే మన ముందు తరాలు అక్షరాలు దిద్దుకున్నాయి.

ఇప్పుడు రెండో పలక. 7 అంగుళాల రెసిస్టివ్ టచ్ స్క్రీన్, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 2.2, 2100 ఎంఏహెచ్ బ్యాటరీ. పేరు ఆకాశ్. 2011 అక్టోబర్ 5న అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో లాంచ్ చేశారు. తయారీ కాంట్రాక్టు డేటావిండ్‌ది, మొదటి యూనిట్ల అసెంబ్లింగ్ మన హైదరాబాద్‌లో. ప్రభుత్వానికి పడిన ధర సుమారు 2,276 రూపాయలు. దేశంలో ప్రతి విద్యార్థి చేతిలో ఒక ట్యాబ్! ఈ ఐడియాని ఎవరు మాత్రం కాదంటారు?

అయినా ముందుకు సాగలేదు. మొదటి లక్ష యూనిట్ల సప్లై దగ్గరే బండి నత్తనడకన పడింది. 2012 నవంబర్‌లో 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, కెపాసిటివ్ టచ్‌తో ఆకాశ్ 2 వచ్చింది. స్పెక్స్ మెరుగయ్యాయి, కానీ అందరికీ ట్యాబ్ అన్న మాట మాత్రం నిజం కాలేదు.

చాలామంది తప్పంతా చీప్ హార్డ్‌వేర్ మీదకి నెట్టేస్తారు. నా లెక్క వేరే. సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాయకముందే 'పని పూర్తయింది అని ఎప్పుడు అనాలి' అన్నది రాసుకుంటాం. ఆకాశ్‌కి అదే తేలలేదు. టెస్టింగ్ చూసిన ఐఐటీ రాజస్థాన్‌కీ డేటావిండ్‌కీ మధ్య గొడవ, ట్యాబ్ ఏ పరీక్షలు పాసవ్వాలి అన్నదాని మీదే. వర్షంలో తడిసినా పనిచేయాలా వద్దా అన్న వాదన యూనిట్లు తయారయ్యాక మొదలైంది!

రెండోది, లెక్కలో వస్తువు ధర మాత్రమే ఉంది. గిద్దలూరు దాటాక నల్లమల అంచున ఒక చిన్న బడి ఊహించుకోండి. ఆకాశ్‌లో సిమ్ లేదు, వై-ఫై ఒక్కటే. 2011లో అక్కడ వై-ఫై ఎక్కడిది? నలభై ట్యాబ్‌లకి ప్లగ్ పాయింట్లు ఎన్ని? స్క్రీన్ పగిలితే ఎక్కడికి తీసుకెళ్లాలి? ఈ పనులన్నీ చివరికి పడేది ఒక్క టీచర్ మీద. ఐడియా మంచిదే, దాన్ని మోసేవాళ్లకే అందులో చోటు లేదు.

పలక కథ రివర్స్. రాయి తీసేవాళ్లు, ఫ్రేమ్ బిగించేవాళ్లు, కొట్టువాళ్లు, అందరికీ అందులో నాలుగు రూపాయలు మిగిలేవి. పగిలితే పక్క కొట్లో ఇంకోటి దొరికేది. తర్వాత పగలని, బరువు లేని ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చి రాతి పలకని పక్కకి నెట్టాయి. వాటికీ ఏ లాంచ్ ఈవెంటూ జరగలేదు. అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ సులువయ్యాయి, అంతే.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. 2005లో ప్రకటించిన '100 డాలర్ల ల్యాప్‌టాప్' ఓఎల్‌పీసీ, 2007లో తయారీకి వచ్చేసరికి 188 డాలర్ల దగ్గర తేలింది.

మనం ఏమైనా నేర్చుకున్నామా? కొంత. 2022 డిసెంబర్‌లో ఏపీ ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి ఇచ్చిన శాంసంగ్ ట్యాబ్‌లలో పాఠాలు ముందే లోడ్ చేశారు. అంటే నెట్ సమస్యని ముందే ఆలోచించారు. కానీ ఆ పాఠాలిచ్చిన బైజూస్ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. మరి సిలబస్ మారితే అప్‌డేట్ ఎవరు ఇస్తారు?

అందుకే ఇకపై 'అందరికీ చవక గ్యాడ్జెట్' అని ఎవరైనా స్టేజ్ ఎక్కితే, ప్రాసెసర్ కన్నా ముందు మూడు అడగండి: చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? రోజూ ఛార్జింగ్ ఎవరు పెడతారు? మూడేళ్ల తర్వాత దీని బాధ్యత ఎవరిది? వీటికి జవాబు లేని డివైజ్‌కి నేనైతే స్పెక్స్ చూసి రేటింగ్ ఇవ్వను.