ముంగిటి బండల సందులు

వాన వెలిసిన పిమ్మట ముంగిటి బండ మీద అడుగు పెట్టగానే, బండ ఒక ప్రక్కకు ఊగి, అడుగున దాగియున్న బురదనీరు పంచె మీదికి చిమ్ముట మనలో పెక్కుమందికి అనుభవమే. అప్పుడు మనము బండను నిందింతుము. లేదా పరచిన మేస్త్రీని నిందింతుము. కాని తప్పు తరచుగా బండకు బండకు నడుమనున్న సన్నని సందుది. సందు విడిచిన చోట నీరు దిగును. దిగిన నీరు క్రింది ఇసుకను కొంచెము కొంచెముగ కడిగివేయును. అడుగు గుల్లయైన బండ ఊగును. అది ఊగుచు ప్రక్క సందులను కూడ విడగొట్టును. ఒక మూల మొదలైన ఈ చెరుపు రెండు మూడు వర్షకాలములలో ముంగిలి అంతటికి ప్రాకును. గోడ ప్రక్కన దిగిన నీరు పునాదిని చేరి గోడను చెమ్మగిల్లజేయును. ఇంటిలో వృద్ధులున్నచో, లేచిన బండ అంచు వారి కాలికి తగులుట వీటన్నింటి కంటె పెద్ద భయము.

ఇంత చేటు తెచ్చు ఈ సందులను నింపుటకు పట్టు సరకు ఎంత? బండలు రెండడుగుల చదరములనియు, మందము అంగుళమనియు, సందు వెడల్పు 8 మిల్లీమీటర్లనియు అనుకొందము. 200 చదరపు అడుగుల ముంగిలికి సుమారు 12 లీటర్ల ముద్ద చాలును. అనగా ఒక బక్కెట్టు! బండల కొరకు వేలకొలది రూపాయలు వెచ్చించి, అంగడి అంగడి తిరిగి రంగు నెంచుకొని, తీరా ఈ ఒక్క బక్కెట్టు విషయమున "నీ యిష్టము, మేస్త్రీ" అని లోపలికి పోవుట మన అలవాటు.

మేస్త్రీ యిష్టము సామాన్యముగ సిమెంటు పాలు. సిమెంటును నీటిలో పలుచగ కలిపి, బండల మీద పోసి, చీపురుతో సందులలోనికి త్రోయుట అతనికి సులభము. గంటలో పని ముగియును. ఐతే ఇసుక లేని సిమెంటు ఆరునప్పుడు మిక్కిలి ముడుచుకొనును. నీరు ఎక్కువైన కొలది ఆ ముడుపు మరింత ఎక్కువ. పైకి నిండుగ కనిపించు సందులో బండ అంచు వెంట వెండ్రుకవాసి చీలిక యేర్పడును. కొన్ని నెలలకు ఆ పూత పెచ్చులు పెచ్చులుగ ఊడివచ్చును. తెల్ల సిమెంటు ఐనను నీటితో మాత్రమే కలిపినచో ఇదే గతి.

మరి దేనితో నింపవలెను? ఈ ప్రశ్నకు ముందు, బండ క్రింద ఏమున్నదో చూడవలెను. మన ముంగిళ్లలో నేల రెండు విధములు. నల్లరేగడి వానకు ఉబ్బును, వేసవికి నెరియలు విచ్చును. అట్టి నేల మీద, క్రింద గట్టి కాంక్రీటు లేక, ఇసుక మీదనే పరచిన బండలు ఏటేట కొంత కదలక తప్పదు. వాని సందులలో రాయి వంటి సిమెంటు నింపుట వ్యర్థము. నేల కదలగానే సందు పగులును. ఎఱ్ఱనేల ఇంత అల్లరి చేయదు. దాని మీద కంకర దిమ్మెస చేసి, కాంక్రీటు వేసి, ముద్దలో పరచిన బండకు గట్టి సందు తగును. ఒక్క మాటలో చెప్పినచో, కదలు పడకకు కదలు సందు, కదలని పడకకు కట్టు సందు.

ఇక బండ స్వభావము. తాండూరు, షాబాదు, బేతంచెర్ల, కడప బండలు రంగులో వేరైనను జాతిలో ఒకటే. ఇవన్నియు సున్నపురాళ్లు, పొరలు పొరలుగ విడివడునవి. వీని అంచున మితిమీరిన గట్టి ముద్ద పట్టుకొన్నచో, బండ కదలినప్పుడు ముద్దతో పాటు బండ పెచ్చు కూడ లేచివచ్చును. కనుక సందు బండ కంటె మెత్తనిదై యుండవలెను. పగులవలసి వచ్చినచో సందే పగులవలెను. సందును మరల నింపుకొనవచ్చును. విరిగిన బండకు జోడు దొరకుట కష్టము.

పూర్వులకు ఈ మెత్తదనము సహజముగ లభించినది. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్టులాండు సిమెంటుకు పేటెంటు పొందుటకు చాల ముందే, 1591లో చార్మినారు సున్నముతో లేచినది. గానుగలో నూరిన సున్నమునకు ఇటుకపొడి, అనగా సుర్కీ, చేర్చినచో తేమలోనే గట్టిపడు గుణము వచ్చును. సున్నము ఒక పాలు, సుర్కీ ఇసుక కలిపి రెండు పాళ్లు చాలును. కొందరు కరక్కాయ నీరు, బెల్లపు నీరు కూడ కలిపెడివారు. పాత మండువా ఇండ్లకు ఇదియే తగినది. ఐతే తీరికగ ఆరును, పదునాలుగు దినములైన తడి ఆరకుండ కాపాడవలెను. అంత ఓపిక లేని నేటి యిండ్లకు మేము సూచించునది నడిమి త్రోవ: సిమెంటు 1, సున్నము 1, సన్న ఇసుక 6 పాళ్లు. నాలుగు పాళ్ల ఇసుకకు ఒక పాలు సిమెంటు కలుపుట కూడ వాడుకలో నున్నది. బండ్లు నిలుపు చోట అది మేలు. సముద్రపు ఇసుక మాత్రము తగదు. దాని ఉప్పు సందు వెంట తెల్లగ పూయును.

కదలు పడకకు జల్లించిన రాతిపొడి గాని, ముతక ఇసుక గాని చాలును. పొడిగ చల్లి, చీపురుతో ఊడ్చి, నీరు చిలికి, దిగినంత మేర మరల నింపవలెను. నీరు భూమిలోనికి ఇంకిపోవుట దీని గుణము. గడ్డి మొలచుట, చీమలు త్రవ్విపోయుట దీని దోషములు. బియ్యపుపిండి ముగ్గు వేయు యింట చీమలకు కొదువ యుండదు కనుక ఏటేట ఒక తట్ట ఇసుక కేటాయించుకొనక తప్పదు.

ఈ దోషములకు మందుగ జిగురు కలిపిన ఇసుక పొట్లములు నేడు అంగళ్లకు వచ్చినవి. ఊడ్చి నింపి, సన్నగ నీరు చిలికినచో గట్టిపడును. మంచిదే, కాని అది అంగుళమునకు మించిన లోతును కోరును. మన పలుచని తాండూరు బండల నడుమ అంత లోతెక్కడిది? పైగ బండ, సందు రెండును పూర్తిగ పొడిగ నుండవలెను. బండ మీద మిగిలిన ధూళిని తుడువక నీరు చల్లినచో తెల్లని మసక పట్టి వదలదు. ఇది మందమైన దిమ్మెలకు తగిన సరకు.

రెండు డబ్బాలలో వచ్చు ఎపాక్సీ నీటిని లోనికి పోనీయదు. గిన్నెలు తోము చోట దీనిని వాడవచ్చును. చింతపండు పులుపు సున్నపు సందును, సిమెంటు సందును కూడ తినివేయును గాని దీనిని అంతగ బాధింపదు. ఐతే ఎండలో కలిపినచో చేతిలోనే బిగిసిపోవును. ఎండ తగులు చోట కొంత కాలమునకు పసుపు వారును. ముంగిలి అంతటికి దీనిని పూయుట అనవసరపు వ్యయమని మా అభిప్రాయము.

సరకు కంటె చేత ముఖ్యము. ముందు సందును బండ మందము మేర గీకి, దుమ్ము ఊడ్చి, తడుపవలెను. పొడి బండ ముద్దలోని నీటిని పీల్చివేయును. నీరు నిలిచియుండరాదు. ముద్ద పిడికిట పట్టిన ఉండయై నిలువవలెను, జారరాదు. అరగంటలో వాడగలిగినంతయే కలుపవలెను. బిగిసిన ముద్దకు మరల నీరు పోసి మెత్తజేయుటను ఇంటివారు కనిపెట్టి అడ్డవలెను. తాపీ కొనతో రెండు విడతలుగ కూరి, పై అంచు బండకు వెండ్రుకవాసి దిగువగ నొక్కవలెను. బండ మీద పడినదానిని అప్పుడే తడిగుడ్డతో తుడువవలెను. తరువాత ఏడు దినములు తడిగోనె కప్పవలెను. ఈ పనికి మే నెల మధ్యాహ్నము కంటె చెడు సమయము లేదు.

తుడువక విడిచిన సిమెంటు మరకలను పోగొట్టుటకు కొందరు పనివారు ఆసిడు పోయుదురు. గ్రానైటు సంగతి వేరు. సున్నపురాతి మీద ఆసిడు పడగానే బుసబుస పొంగును. ఆ పొంగునది మన బండయే. నల్లని కడప బండ నునుపు పోయి బూడిదరంగు తేలును. క్రొత్త సందు కూడ దానితోనే కరగును. మరకను చెక్కతో, ముతక గుడ్డతో, ఓపికతో రుద్దుటయే మార్గము.

రెండు మాటలు మిగిలినవి. నీరు సందులలోనికి కాక కాలువకు పోవుటకు ముంగిలి పది అడుగులకు రెండంగుళములు వాలి యుండవలెను, ఆ వాలు ఇంటికి ఎడమైన దిక్కునకు ఉండవలెను. మరియు రాయి ఎండకు పెరుగును. చలికాలపు వేకువకు, మే నెల మిట్టమధ్యాహ్నమునకు బండ వేడిలో 40 డిగ్రీల తేడా యున్నచో, ఇరువది అడుగుల పొడవున సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగును. ఆ పెరుగుదలకు చోటు లేనిచో బండలు నడుమ గుడారమువలె లేచును. అందుకే గోడ పొడవునను, అరుగు అంచునను వ్రేలెడు సందును ముద్దతో నింపక విడిచి, మెత్తని రబ్బరు నురుగు త్రాడు దిగద్రోసి, పైన సాగెడు సీలెంటు పూయింపవలెను. మేస్త్రీ ఆ సందును కూడ సిమెంటుతో మూసివేయబోవును. ఆ పూట ఇంటివారు అచ్చటనే నిలిచియుండుట మంచిది.