ఆచార నవల: పరిభాషా విచారం

తెలుగున నవల పుట్టిననాడు దానికి స్థిరమైన పేరు లేదు. నరహరి గోపాలకృష్ణమ సెట్టి 1872లో వెలువరించిన ‘శ్రీరంగరాజ చరిత్రము’ నవీన ప్రబంధమనిపించుకొన్నది. 1878లో ‘వివేకవర్ధని’లో ఆరంభమై 1880లో గ్రంథరూపం దాల్చిన కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ వచన ప్రబంధమైనది. ‘నవల’ శబ్దాన్ని వాడుకలోనికి తెచ్చినవారు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి.

ఈ రెండు రచనలకూ లోకుల ఆచార వ్యవహారాలే ప్రధాన వస్తువు. అయినను మన విమర్శ వీనిని ‘సాంఘిక నవల’ అను విశాలమైన గదిలో చేర్చి తలుపు మూసినది. ఫలితంగా విద్యార్థి ‘రాజశేఖర చరిత్రము’న సంస్కరణోద్యమాన్నే వెదకుచున్నాడు; ధవళేశ్వరపు సంపన్న గృహస్థు చావడిలో ఎవరెట్లు కూర్చుందురో, ఎవరెట్లు పొగడుదురో గమనింపకున్నాడు. ఆంగ్లమున జేన్ ఆస్టిన్ రచనలను (‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1813) చదువుటకు ఈ గమనికయే మొదటి మెట్టు.

‘ఆచార నవల’ అందమా? చిక్కున్నది. ధర్మశాస్త్రాలలో ఆచారం విహిత ప్రవర్తన. వర్ణాశ్రమ విధులు వెంటనే స్ఫురించును. ‘మర్యాద’ శబ్దం ఇంతకంటె మేలు. సంస్కృతాన అది హద్దు, తెలుగున మన్నన. మన్నన మాటున హద్దును కాపాడుటయే ఈ జాతి నవలల కథ కనుక రెండర్థాలూ పనికివచ్చును. అయితే ‘మర్యాదా నవల’ అన్నచో మర్యాదస్తుల నవల అని పొరపడు ప్రమాదమున్నది. అందుచేత వర్గనామంగా ‘ఆచార నవల’నే ఉంచి, విశ్లేషణలో ‘మర్యాద’ను వాడుట యుక్తం.

అంతకంటె చిక్కైనది ‘వ్యంగ్యం’. అలంకార శాస్త్రంలో అది వ్యంజనావృత్తిచే తోచు అర్థం. నేటి విమర్శలో ఎత్తిపొడుపు. ఒకే తరగతిలో ధ్వన్యాలోకం, నవల రెండునూ చదువు ప్రాచ్యకళాశాల విద్యార్థికి ఈ ద్వ్యర్థత వలన కలుగు గందరగోళం చిన్నది కాదు. రాజశేఖరుడు సిరిగలవాడైనంతకాలం చుట్టూ చేరినవారి స్తుతులు, అతడు బైరాగి స్వర్ణయోగాన్ని నమ్మి మోసపోయి పేదవడిన పిదప వారి మొగములు, ఈ రెంటినీ పక్కపక్కన నిలిపి రచయిత మౌనం వహించును. దీనిని వ్యాజస్తుతి అనరాదు. అందు నిందించు ఉద్దేశం పొగడువానిదే. ఇచ్చట పొగడువాడు తన మాట తనకే నిందయగుట ఎరుగడు. పాత్ర ఎరుగనిది పాఠకుడు ఎరుగును. దీనికి ‘విపరీత వ్యంజన’ అను మాట పరిశీలింపదగినది. క్షేమేంద్రుని ‘ఔచిత్యం’ కూడ అక్కరకు వచ్చును, కాని కావ్యౌచిత్యాన్ని లోకౌచిత్యంతో కలపక వేరుగా చెప్పినపుడే.