పడుట నేర్పు విద్య

కొరియా దేశమున హాప్‌కిడో అను ఆత్మరక్షణ విద్యను అభ్యసింపవచ్చిన విద్యార్థికి గురువు మొదట నేర్పునది పడుట. ఎదిరిని పడగొట్టు ఉపాయములు నేర్చుకొనవలెనని ఉత్సాహముతో వచ్చినవారు, వారముల తరబడి తామే చాపపై వెనుకకును ప్రక్కకును పడుచు లేచుచు ఉండవలసివచ్చుటచే తొలుత నిరాశ చెందుట కద్దు. అభ్యాసశాలను ఆ దేశమువారు డోజాంగ్ అందురు. పడు విధానమునకు నక్‌బొప్ అని పేరు. గడ్డమును రొమ్మునకు చేర్చి తల వెనుకభాగము నేలను తాకకుండ కాపాడుకొనవలెను. ఊపిరి బిగపట్టరాదు. అరచేతితోను ముంజేతితోను చాపను చరచి, దెబ్బను ఒక్కచోట నిలువనీయక శరీరమున పంచవలెను.

సాధారణముగా జారిపడు మనుష్యుడు చేయిచాచి దేహభారమంతయు అరచేతిపై వేయును; మణికట్టు ఎముక విరుగుటకు తరచుగా అదియే కారణము. పడిపోవుటవలన ప్రపంచమున ఏటేట సుమారు 6,84,000 మంది మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దుండగుడెవ్వడును ఎన్నడును ఎదురుపడకపోయినను ఈ మొదటి పాఠము అక్కరకు రావచ్చును.

హాప్‌కిడో అంత పురాతనమైన విద్య కాదు. చోయ్ యోంగ్‌సూల్ అను కొరియావాడు బాల్యముననే జపానునకు పోయి అచ్చట పెరిగెను. 1945లో కొరియా జపాను పాలననుండి విముక్తి పొందిన పిమ్మట మరలివచ్చి, డేగు నగరమున పందులను పెంచుకొనుచు జీవించెను. 1948లో ఒకనాడు పందుల మేతకై ఒక సారా కార్ఖానాకు పోగా తగవు పుట్టి పలువురు మీదపడిరనియు, వారినందరిని అతడు సునాయాసముగా త్రోసివైచెననియు, అది చూచిన యజమాని కుమారుడు సో బొక్‌సొప్ అతనికి తొలి శిష్యుడయ్యెననియు అభ్యాసకులు చెప్పుకొందురు. ఆ శిష్యుడు అదివరకే జూడోలో నల్ల బెల్టు పొందినవాడు. జపానులో చోయ్ ఎవరియొద్ద ఎంతకాలము నేర్చెనను విషయమున వాదములు కలవు. కీళ్లను మెలిత్రిప్పు పట్టులను చూచినచో జపాను దేశపు డైటో-ర్యూ జుజుత్సుతో బంధుత్వము తెలియుచునే యున్నది. కాలితన్నులు పెక్కు కొరియాలో తరువాత చేరినవి.

పడుట అలవడిన పిదప మణికట్టు విడిపించుకొనుట నేర్పుదురు. ఎంతటి బలశాలి పట్టినను ఆ పిడికిలిలో ఒక సందు ఉండును. అది బొటనవ్రేలికిని తక్కిన వ్రేళ్లకును నడుమనున్నది. చేతిని వెనుకకు లాగక, మోచేతిని దేహమునకు దగ్గరగా ఉంచి, మణికట్టును ఆ సందువైపు త్రిప్పినచో పట్టు సడలును. కండబలము గల యువకులు మొదట లాగి లాగి అలసిపోవుదురు. తాము బలహీనులమని సంకోచించువారే తరచు త్వరగా గ్రహింతురు. అయితే కొంతకాలమునకు మరియొక అనుభవము కలుగును. అంతవరకు మెత్తగా పట్టిన సహాధ్యాయి ఒకనాడు గురువు ఆజ్ఞపై నిజముగనే బిగించి పట్టును. వచ్చినదనుకొన్న విద్య రాదు. ఈ భంగపాటు మేలైనది. దీనిని ఎరుగని విద్యార్థి తన బెల్టు రంగును చూచుకొని శూరుడననుకొనును; తప్పించుకొని పోదగిన చోట నిలిచి పోరాడువాడు ఇట్టివాడే.

విద్యార్థినులలో అనేకులకు పట్టులకంటె కష్టమైనది కేక. కిహాప్ అను ఆ కేకను పొత్తికడుపునుండి వెడలింపవలెను. మెల్లగా మాటలాడుమని పెంపబడినవారికి నలుగురిలో గొంతు పెగలదు. సిగ్గుతో నవ్వు వచ్చును. కాని భయమున ఊపిరి బిగిసి కొయ్యబారుటకు కేక మంచి విరుగుడు. అది చుట్టుప్రక్కలవారిని పిలుచును కూడ. పూర్వము దౌర్జన్యమునకు గురియైనవారికి ఇతరులు మణికట్టు పట్టినంతనే పాతభయము మేల్కొని చెమటలు పట్టుట, కన్నీరు వచ్చుట సంభవించును. దీనిని పిరికితనమని ఎంచరాదు. అట్టివారు కారణము చెప్పకయే ప్రక్కకు తప్పుకొనుటకు అనుమతి ఉండవలెను. అనుమతింపని గురువు ఎంతటి నిపుణుడైనను అతనియొద్ద చేరరాదు.

ఇట్టి శిక్షణ నిజముగా కాపాడునా యను ప్రశ్న సహజము. హాప్‌కిడోను గూర్చి కాకున్నను, విద్యార్థినుల ఆత్మరక్షణను గూర్చి కెనడాలో జరిగిన పరిశోధన ఒకటి కలదు. దాని ఫలితములు 2015లో ప్రకటింపబడినవి. మూడు విశ్వవిద్యాలయములలోని 893 మంది మొదటి సంవత్సరపు విద్యార్థినులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు 12 గంటల శిక్షణ నొసగిరి. రెండవ భాగమునకు కరపత్రములు మాత్రమే చూపిరి. ఏడాదిలో అత్యాచారమునకు గురియైనవారు మొదటి భాగమున 5.2 శాతము, రెండవ భాగమున 9.8 శాతము. కరపత్రములు అచ్చువేయువారికి ఇది కొంత చేదు మాటయే. ఆ 12 గంటలలో దెబ్బలకును పట్టులకును కేటాయించినది కొంత భాగమే. పరిచితుని ప్రవర్తనలోని అపాయమును ముందుగా గుర్తించుట, మొగమాటము విడిచి కాదని గట్టిగా చెప్పుట అనువానికే ఎక్కువ కాలము వినియోగించిరి.

కనుక పట్టు విడినంతనే దూరముగా పోవలెను. మన దేశమునందైనచో 112 సంఖ్యకు ఫోను చేయవలెను. 2023 నాటి భారతీయ న్యాయ సంహిత ఆత్మరక్షణ హక్కును గుర్తించుచున్నను, రక్షణకు అవసరమైనదానికంటె అధికముగా హాని చేయుటకు ఆ హక్కు వర్తింపదు.

అభ్యాసమున దెబ్బలు తగులుట కలదు. మూర్ఛ గలవారు, మెడ గాయపడినవారు, గర్భిణీలు వైద్యుని సలహా లేక ప్రారంభింపరాదు. తలకు దెబ్బ తగిలి కన్నులు తిరిగినను, వాంతి వచ్చినను వెంటనే అభ్యాసము మాని వైద్యునికి చూపవలెను. కీలుపట్టులో నొప్పి కలిగినప్పుడు విద్యార్థి చాపను అరచేతితో తట్టును. తట్టిన తక్షణమే ఎదిరి విడువవలెనని నియమము. ఆ చప్పుడు విని కూడ విడువని సహాధ్యాయితో మరల అభ్యాసము చేయింపరు.