తిరువయ్యారు ఆరాధనకు కుటుంబ విడిది – ఒక ప్రణాళిక

సంగీతోత్సవానికి వెళ్ళి రావడం వేరు. ఉత్సవ ప్రాంగణానికి చేరువలో తోటలో విడిది చేసి రెండు రాత్రులు గడపడం వేరు. మొదటిదానికి ఉత్సాహం ఉంటే చాలును. రెండవదానికి నీరు, నిప్పు, పడక, మరుగు, వెలుతురు – అన్నింటికీ ముందుగా లెక్క వేసుకోవలసి ఉంటుంది. పుదుచ్చేరి పట్టణంలో నివసిస్తున్న మన తెలుగు ఉద్యోగుల కుటుంబాలు కొన్ని కలసి 2025 జనవరిలో తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనకు ఈ విధంగా వెళ్ళి వచ్చాము. పిన్నలు, పెద్దలు కలసి నలభై మందిమి. ఇకముందు వెళ్ళదలచిన వారికీ, ఇతర కేంద్రాలలోని సోదర ఉద్యోగులకూ ఉపకరించగలవని మా ఏర్పాట్ల వివరాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

తిథి – వారం

త్యాగరాజస్వామి 1847 జనవరి 6న తిరువయ్యారులో సిద్ధి పొందారు. ఏటా పుష్య బహుళ పంచమి నాడు కావేరీ తీరాన వారి సమాధి వద్ద ఆరాధన జరుగుతుంది. ఉత్సవం సాధారణంగా ఐదు రోజులు సాగి, పంచమితో ముగుస్తుంది. అయితే తిథి మన సెలవులను చూసుకొని రాదు. 2023లో పంచమి బుధవారం (జనవరి 11), 2024లో మంగళవారం (జనవరి 30), 2025లో శనివారం (జనవరి 18) వచ్చింది. కావున కొత్త పంచాంగం చేతికి అందగానే తేదీ గుర్తించి, సెలవు దరఖాస్తులు పెట్టుకోవడమే మొదటి పని. పంచమి సంక్రాంతి వారంలో వస్తే అద్దె బస్సులు దొరకడం దుర్లభం. రెండు నెలల ముందే మాట్లాడుకోవాలి.

దారి

కడలూరు, చిదంబరం, కుంభకోణం మీదుగా ప్రయాణం సుమారు 170 కిలోమీటర్లు. పెద్దలు, పిల్లలు ఉన్న బస్సుకు విరామాలతో కలిపి ఐదు గంటలు పడుతుంది. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు బయలుదేరితే ఏడింటికి విడిది చేరవచ్చు. చిదంబరం దాటిన తరువాత అణైక్కరై వద్ద కొల్లిడం నదిపై దిగువ ఆనకట్ట కనిపిస్తుంది. దీనిని 1836లో నిర్మించినది మన కాటన్ దొరయే. ఆయన గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట పనులు ఆరంభించినది 1847లో, అనగా స్వామి సిద్ధి పొందిన సంవత్సరంలోనే. ఇటువంటి విషయాలు దారిలో చెబుతూ ఉంటే పిల్లలకు ప్రయాణం బరువనిపించదు.

తొమ్మిది గంటల నుండి వెనుకకు

ఏ పనికైనా ముగింపు గడియ నుండి వెనుకకు లెక్క కట్టడం మన వృత్తిలో అలవాటే. ఇక్కడ ఆ గడియ పంచమి నాటి ఉదయం తొమ్మిది గంటలు. అప్పుడు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని పంచరత్న కీర్తనలను గాయకులందరూ ఒక్క గొంతుగా పాడతారు. సుమారు గంట సేపు సాగే ఆ గానంలో నలభై మందీ పాల్గొనాలి. యాత్ర ఉద్దేశం అదొక్కటే. తక్కిన ఏర్పాట్లన్నీ దానికి లోబడి ఉండాలి.

తొమ్మిదికి పాడాలంటే ఏడింటికి పందిట్లో కూర్చోవాలి. ఏడింటికి కూర్చోవాలంటే ఆరున్నరకు విడిది విడవాలి. ఆ వేకువన స్నానాదికాలకు మనిషికి ఎనిమిది నిమిషాల చొప్పున లెక్కించాము. స్త్రీలు, పసిపిల్లలు కలసి 24 మంది. పురుషులు 16 మంది. ఇరువురికీ సమానంగా రెండేసి గదులు వేస్తే పురుషులకు 64 నిమిషాలు, స్త్రీలకు 96 నిమిషాలు పడుతుంది. స్త్రీలకు మూడు, పురుషులకు రెండు వేస్తే ఇరువురికీ సరిగ్గా 64 నిమిషాలే. ఆ ప్రకారం అయిదు తాత్కాలిక గదులు అద్దెకు తెచ్చాము. నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలకు మొదలు పెట్టగా ఆరు లోపే అందరూ సిద్ధమయ్యారు.

నీరు, నిప్పు, ఆరోగ్యం

త్రాగుటకు, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు, ఇతర వాడుకకు 15 లీటర్లు అనుకున్నాము. రెండు రోజులకు ఇరవై లీటర్ల మంచినీటి డబ్బాలు ఇరవై అవసరమైనవి. వాడుక నీరు 1200 లీటర్లు తోటలోని బోరు నుండి తొట్టెలలో ముందుగానే నింపించాము.

వంట స్థలం గుడారాలకు కనీసం పది మీటర్ల దూరంలో, గాలివాలుకు దిగువన ఉండాలి. రెండు ఇసుక బకెట్లు చేరువలో ఉంచాలి. కొబ్బరి తోట అయితే చెట్ల క్రింద నేరుగా పడకలు వేయరాదు. కాయ, మట్ట ఎప్పుడు రాలునో చెప్పలేము. జనవరిలో రాత్రి మంచు కురుస్తుంది కనుక నేలపై టార్పాలిన్, దానిపై జంపఖానా, పెద్దలకు చెవులు కప్పే ఉన్ని వస్త్రం, అందరికీ దోమతెరలు తప్పనిసరి. పెద్దలు రోజూ వేసుకునే మాత్రలు వారి పేర్లు వ్రాసిన విడి డబ్బాలలో ఉంచాలి. తంజావూరు 13 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. అక్కడ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. రాత్రి వేళ ఒక వాహనం, చోదకుడు విడిదిలోనే ఉండాలి.

మెట్టూరు జలాశయం నుండి సాగునీటిని ఆనవాయితీగా జూన్ 12 నుండి జనవరి 28 వరకు వదులుతారు. కనుక ఆరాధన నాటికి నదిలో ప్రవాహం ఉండవచ్చును. పిల్లలను పెద్దలు తోడు లేకుండా రేవు మెట్లు దిగనీయరాదు.

పొయ్యి దగ్గర ఎవరు?

మొట్టమొదటి సమావేశంలోనే ఒక సహోద్యోగి తల్లిగారు ఒక ప్రశ్న వేశారు: "తొమ్మిది గంటలకు పొయ్యి దగ్గర ఎవరుంటారు నాయనా?" ఇటువంటి విడిదులలో సామాన్యంగా ఆ సమయానికి నలుగురైదుగురు స్త్రీలు మధ్యాహ్న భోజనం సిద్ధం చేస్తూ ఉండిపోతారు. పాట వారికి దూరాన మైకులో వినిపిస్తుంది.

ఆ సమాధి మందిర చరిత్ర తెలిసినవారు ఈ ప్రశ్నను తేలికగా తీసుకోలేరు. శిథిలమైన సమాధి స్థలాన్ని కొని, తన ఆర్జనతో మందిరం కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ గారు. ఆ కాలంలో అక్కడ స్త్రీలు పాడే వీలు ఉండేది కాదు. ఆమె స్త్రీల బృందాన్ని కూర్చి, పట్టుబట్టి ఆ హక్కు సాధించారు. 1952లో మరణించిన ఆమె సమాధి కూడా స్వామి సమాధి చేరువలోనే ఉన్నది. అంతటి శ్రమతో తెరచుకున్న ద్వారం దాకా వెళ్ళి, మన ఇంటి స్త్రీలు పొయ్యి కారణంగా బయట ఆగిపోవడం తగునా?

కావున ఆరు గంటలకు కాఫీ అయిన వెంటనే పొయ్యి ఆర్పివేయాలని తీర్మానించాము. పులిహోర, దద్ధోజనం తెల్లవారుజామున పురుషులు కలిపారు. మధ్యాహ్న భోజనం స్థానిక వంటవారికి అప్పగించాము. సామాను బస్సులో పెట్టి తాళం వేసి, తోట కావలివారికి, చోదకునికి అప్పజెప్పాము. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు మడత కుర్చీలు తీసుకొని వెళ్ళి, నిర్వాహకుల అనుమతితో వరుస చివర వేశాము. ప్రశ్న వేసిన ఆ తల్లిగారు అటువంటి కుర్చీలోనే కూర్చుని అయిదు కీర్తనలూ పాడారు.

అక్షరాల ఏర్పాటు

అన్నింటికన్న ఎక్కువ కాలం పట్టిన ఏర్పాటు ఇది. పంచరత్నాలలో నాట రాగ కీర్తన సంస్కృతం. మిగిలిన నాలుగూ తెలుగు. పుదుచ్చేరి తెలుగుకు పరాయి ఊరేమీ కాదు. ఆనందరంగ పిళ్ళె పేరిట కస్తూరి రంగకవి తెలుగులో ఛందోగ్రంథం వ్రాశాడు. ఈ కేంద్రపాలిత ప్రాంతంలోని యానాం తెలుగు గడ్డయే. అయినను ఇక్కడ పెరిగిన మన పిల్లలలో చాలామందికి తెలుగు చదవడం రాదు; తమిళ లిపిలోనే పాటలు నేర్చుకుంటారు. తమిళంలో క, ఖ, గ, ఘ లకు అక్షరం ఒక్కటే. అందుచేత అక్కడి సంగీత గ్రంథాలలో ఆ అక్షరానికి 2, 3, 4 అంకెలు చేర్చి భేదం చూపుతారు. తమిళ సోదరులు అంకెల సాయంతో ఇంత శ్రద్ధగా మన మాట పలుకుతూ ఉండగా, మన పిల్లలకు అసలు అక్షరమే అందకపోవడం విచారకరం.

అక్టోబరు 27 మొదలు పన్నెండు ఆదివారాలు అభ్యాసానికి కేటాయించాము. కీర్తనకు రెండు చొప్పున పది, అదనంగా రెండు. నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటడంతో డిసెంబరు 1 నాటి అభ్యాసం ఆగిపోయినది. అదనపు వారం ఉంచుకొనుట ఎంత అవసరమో అప్పుడు అందరికీ తెలిసినది. రాగం, తాళం నేర్పినది ఒక తమిళ ఉపాధ్యాయిని. అక్షరాలు, అర్థాలు నేర్పినది మన అమ్మమ్మలు, తాతయ్యలు. పెద్ద అక్షరాలతో ఒక ప్రక్క సాహిత్యం, మరొక ప్రక్క అర్థం వ్రాసి ప్రతి పిల్లవానికీ ఇచ్చాము.

ఆరాధన నాడు గానం మొదలు కావడానికి ముందు, ప్రక్కన కూర్చున్న ఒక వృద్ధ తమిళ గాయకుడు గౌళ రాగ కీర్తనలోని ఒక మాటకు అర్థమేమని మా బృందంలోని ఎనిమిదవ తరగతి బాలుని అడిగారు. స్వామి తన తప్పులను తానే ఏకరువు పెట్టుకొనే కీర్తన అది. బాలుడు కాగితం చూడకుండానే తమిళంలో అర్థం వివరించాడు. ఆయన తన పుస్తకం అంచున ఆ మాట వ్రాసుకున్నారు.

ముగింపు

తిరుగు ప్రయాణానికి ముందు తోట శుభ్రపరచి చెత్తను సంచులలో వెంట తెచ్చుకోవడం, వారం లోపల జమాఖర్చులు అందరికీ చూపించడం మరువరాదు. ఈ రెండూ సక్రమంగా జరిగితే మరుసటి ఏడు తోట యజమాని, సభ్యులు ఉభయులూ సంతోషంగా ముందుకు వస్తారు. బస్సు, గుడారాలు రెండు నెలలలో కుదురుతాయి. అక్షరాలకు మాత్రం అంతకన్న ఎక్కువ వ్యవధి కావాలి. కనుక వెళ్ళదలచిన కుటుంబాలు వచ్చే ఆదివారమే పలక, బలపంతో పని ప్రారంభించవలసినదిగా కోరుతున్నాము.