చెవి నేర్పిన ఫిడేలు

వీణకు మెట్లుంటాయి కాబట్టి స్వరస్థానమేదో కంటికి కొంతవరకు కనిపిస్తుంది. ఫిడేలు మెడమీద అటువంటి గుర్తు ఒక్కటీ లేనందున, వేలు వెంట్రుకవాసి జరిగినా స్వరం శ్రుతి తప్పుతుంది. ఆ తప్పును పసిగట్టి సరిదిద్దవలసిన భారం పూర్తిగా చెవిదే. చిన్ననాటి నుంచే చూపు మందగించిన ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) ఇటువంటి వాద్యంలో దక్షిణదేశం గర్వించదగిన విద్వాంసుడు ఎలా అయ్యారో గ్రహించడానికి ఆయన వినికిడి ఎలా పెరిగిందో తెలుసుకోవడమే దారి.

బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన నాయుడుగారికి తొలి గురువు సొంత అన్న వెంకటకృష్ణయ్యగారు. గురువు ఇంట్లోనే ఉన్నప్పుడు పాఠానికీ సాధకానికీ మధ్య గడప ఉండదు. అన్న వాయిస్తుండగా విన్నదీ, తాను వాయిస్తుండగా అన్న దిద్దినదీ ఒకే విద్యలో భాగాలవుతాయి. పైగా కర్ణాటక సంగీతంలో స్వరలిపి జ్ఞాపకానికి ఊతమే గాని విద్యకు మూలం కాదు. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ, పక్క స్వరాల ఛాయను తాకిస్తూ పలికించే తీరు, కాగితంమీద పట్టుబడదు. గురువు నోటినుంచో చేతినుంచో విని అందుకోవలసిందే.

1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల వెలిసినప్పుడు నాయుడుగారు 26వ యేట అక్కడ ఫిడేలు ఆచార్యులయ్యారు. విద్యార్థిగా చేరడానికి వెళ్ళిన యువకుణ్ణి, వాద్యం విన్నాక, బోధకునిగా నియమించారని సంగీతలోకంలో చెప్పుకొంటారు. కళాశాల తొలి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. కథనూ పద్యాన్నీ పాటనూ నృత్యాన్నీ ఒక్కరే నడిపించే హరికథలో మాట శ్రోతకు స్పష్టంగా అందాలి, లయ చెక్కుచెదరకూడదు. ఒకేసారి అయిదు తాళాలు చూపగల దాసుగారి సన్నిధిలో గడిచిన సుమారు 17 ఏళ్ళు, ఎంత చెయితిరిగిన వాద్యకారునికైనా మరొక గురుకులవాసమే. విజయనగరం వీణల ఊరు కూడా. వీణ వెంకటరమణదాసు వంటి వైణికులు నివసించిన చోటు, వీణల తయారీకి పేరుపడిన బొబ్బిలికి పొరుగు. 1936లో దాసుగారి తరువాత కళాశాల అధ్యక్షపదవి నాయుడుగారికే వచ్చింది.

అయితే మనుషులైన గురువులతో పాటు లెక్కించవలసిన గురువు మరొకటి ఉంది; అది తంబురా. కచేరీలో వెనుక ఎక్కడో మోగుతున్నట్లుండే ఈ వాద్యం మీద నాయుడుగారు ప్రత్యేకంగా శ్రద్ధపెట్టి, దాని రహస్యాలను గురించి వ్యాసం కూడా రాశారు. తంబురాకు నాలుగు తీగలు: ఒకటి పంచమానికి, మధ్యలో రెండు షడ్జానికి, చివరిది మంద్ర షడ్జానికి శ్రుతిచేస్తారు. తీగలు ఆనివుండే గుర్రం మీద, ఒక్కొక్క తీగ కింద సన్నని నూలుపోగును తగినచోట నిలిపితే నాదం విచ్చుకుంటుంది. మీటిన తీగ మొత్తంగా కంపిస్తూనే సగాలుగా, మూడో వంతులుగా, అయిదో వంతులుగా కూడా కంపిస్తుంది గనుక, మంద్ర షడ్జపు తీగలోని అయిదో వంతు కంపనం నుంచి ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే వినిపిస్తుంది. దీనినే స్వయంభూ గాంధారమంటారు. శంకరాభరణంలోనో కల్యాణిలోనో గాంధారం మీద నిలిచే వాద్యకారుడు తన వేలిని ఆ వినిపించే స్వరంతో సరిచూసుకోగలిగితే, ఫిడేలు నాదం తంబురా నాదంలో కలిసిపోతుంది. మెట్లులేని వాద్యానికి ఇంతకంటె నమ్మదగిన కొలబద్ద లేదు.

పాశ్చాత్య దేశాలనుంచి వచ్చిన ఫిడేలు, వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల కాలం నుంచి, అంటే 19వ శతాబ్దపు ఆరంభం నుంచి, ప్రధానంగా పక్కవాద్యంగానే ఉండేది. గాయకుని రాగాన్ని నీడలా అనుసరించి, విరామంలో దాని ప్రతిధ్వనిని అందించడమే దాని పని. కమాను దీర్ఘంగా లాగి, మెత్తని నాదంతో కృతిలోని మాటల విరుపు సైతం తోచేలా వాయించే నాయుడుగారు, ఫిడేలు ఒక్కటే కచేరీ అంతటినీ మోయగలదని తొలితరంలో నిరూపించినవారిలో ముఖ్యులు. గాయకుణ్ణి అనుసరించిన ఏళ్ళే ఇందుకు సహాయపడ్డాయనడం న్యాయం. పాటను అంత దగ్గరగా విన్నవారికే పాడేవారు లేని చోట వాద్యంచేత పాడించడం సాధ్యమవుతుంది. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1952లో భారతదేశానికి వచ్చిన పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ ఆయన వాద్యం విని మెచ్చుకున్నారు. 1957లో పద్మశ్రీ లభించింది.

అన్న దగ్గర మొదలైన చదువు ఆ ఇంటిలోనే కొనసాగింది. కుమార్తె ద్వారం మంగతాయారు ఫిడేలు విదుషీమణిగా పేరుపొందారు. విజయనగరం కళాశాలలో బోధించిన, అదే కుటుంబానికి చెందిన ద్వారం భావనారాయణరావు దగ్గర విద్య నేర్చినవారిలో, తరువాత తెలుగు సినిమా పాటకు గొంతైన పి. సుశీల ఉన్నారు.