కుంచెడు గింజలు మానికలో పట్టునా?

రెండువందలమంది గల సంఘమునుండి ముగ్గురిని ఎన్ని విధముల ఏరవచ్చును? 13,13,400 విధముల. సమాధానము చిన్నదే. అయినను 1 మొదలు 200 వరకు గల సంఖ్యలన్నిటిని గుణించి, ఆ లబ్ధమును 1 మొదలు 197 వరకు గల సంఖ్యల లబ్ధముతోను, పిమ్మట 6తోను భాగించు పద్ధతి నవలంబించినచో, నడుమ 375 అంకెల సంఖ్య ఎదురగును. యంత్రమునకు చిక్కు అచ్చటనే కలుగుచున్నది.

ఇంటెల్ సంస్థ 1980లో 8087 అను కోప్రాసెసరును వెలువరించినది. ఇది ప్రధాన ప్రాసెసరుకు లెక్కలలో తోడు. ఇది ప్రతి సంఖ్యను తనలో 80 బిట్లలో నిలుపుకొనును: ఒకటి ధన ఋణ చిహ్నమునకు, 15 ఘాతమునకు, 64 అంకెలకు. కావున సుమారు 4932 అంకెల సంఖ్యవరకు దానిలో ఇమిడిపోవును. నడిమి లబ్ధములు దానిలోపలనే నిలిచినంతకాలము పై లెక్క సాఫీగా సాగును.

నేటి ఫోనులలోని ప్రాసెసరులు పెక్కింటికి ఈ 80 బిట్ల కొలత లేదు. వానికున్నది 64 బిట్లదే. అందు ఘాతమునకు 11 బిట్లే గనుక 309 అంకెలు దాటిన సంఖ్య పట్టదు. పాత ప్రోగ్రాములను నడపుటకై 8087ను అనుకరించు సాఫ్ట్‌వేరు, వేగమును కోరి, ఈ చిన్న కొలతనే వాడినదనుకొందము. అప్పుడు పై లబ్ధములు రెండును 'అనంతము' లగును. అనంతమును అనంతముతో భాగింపగా 'సంఖ్య కాదు' అను జవాబు వచ్చును. కుంచెడు గింజలను మానికలో పోసిన నేలపాలగుట వింతకాదు గదా!

ఈ దోషము కంటబడును. కావున కొంత మేలు. కంటబడనిది మరియొకటి గలదు. 64 బిట్ల కొలతలో అంకెలకు దక్కునవి 53 బిట్లే. 9007199254740993 అను పూర్ణాంకమును అందుంచి మరల తీసినచో చివరి 3 కాస్త 2 అగును. కొన్ని పాత ప్రోగ్రాములు ఎనిమిదేసి బైట్ల సమాచారమును పూర్ణాంకముగా కోప్రాసెసరులోనికెత్తి మరియొకచోట దింపెడివి. అట్టివానియందు సమాచారము చడీచప్పుడు లేక చెడును.

దీనికి మందు లేకపోలేదు. జాన్ హౌసర్ రచించిన సాఫ్ట్‌ఫ్లోట్ వంటి సాఫ్ట్‌వేరు, పూర్ణాంకముల గణితముతోనే 80 బిట్ల కొలతను యథాతథముగా నడుపును. వేగము తగ్గును, లెక్క నిలుచును. కావున పాత ప్రోగ్రామును కొత్త యంత్రముపై నడుపువారు, జవాబు తెలిసిన లెక్క నొకదానిని ముందుగా వేసి చూడుడని మా మనవి. వేగము చాలకున్న కాసేపు వేచియుండవచ్చును. తప్పు లెక్కను నమ్మి కట్టిన దానిని మరల కట్టుట అంత సులభము కాదు.