రహస్యసంఖ్యకు బలమెక్కడిది?

ఇంటి తాళపుచెవి పోయినచో మనకు వెంటనే తెలియును. రహస్యసంఖ్య అట్టిది కాదు. దానిని మరియొకడు తెలిసికొన్నను అది మనకును గుర్తుండును. కనుక పోయినదన్న అనుమానమైన రాదు. ఆలోపల బ్యాంకులోని సొమ్ము చేయి దాటిపోవచ్చును. అందుచేత అంతర్జాలమును వాడు ప్రతి కుటుంబమును, ప్రతి పాఠశాలయు ఇట్టి సంఖ్యకు బలము ఎక్కడినుండి వచ్చునో తెలిసికొనవలెను.

దీనికి పెద్ద గణితము అక్కరలేదు. నాలుగంకెల సంఖ్యలో ఒక్కొక్క స్థానమునందు 0 నుండి 9 వరకు ఏ అంకె యైనను ఉండవచ్చును. కాబట్టి 10×10×10×10, అనగా 10,000 సంఖ్యలు ఏర్పడును. ఆరంకెలైనచో 10 లక్షలు. ఎనిమిదంకెలైనచో 10 కోట్లు. ఊహించువాడు ఇన్నింటిలో ఒకదానిని పట్టుకొనవలెను. ఈ విస్తారమే రహస్యమునకు బలము.

ఒక విద్యార్థి తన పుట్టినతేదీని ఎనిమిదంకెల పాస్‌వర్డుగా పెట్టుకొనెననుకొందము. చూచుటకు అది 10 కోట్లలో ఒకటి. కాని నూరు సంవత్సరములలోని దినములు సుమారు 36,525 మాత్రమే. అతడు పదవ తరగతి చదువుచున్నాడని తెలిసినచో పుట్టిన సంవత్సరము ఇంచుమించు మూడింటిలో ఒకటి యగును; అప్పుడు మిగులు తేదీలు 1,096కు మించవు. పుట్టినరోజు పండుగ ఫోటోను అదే రోజున అందరికి కనబడునట్లు పెట్టియున్నచో మిగులునవి మూడే! అంకెలు ఎనిమిదియే, బలము మాత్రము పది కోట్లనుండి మూడుకు దిగినది. పేరు, తరగతి, పుట్టినరోజు విడివిడిగా అల్ప విషయములే. కలిసినపుడు అవి ఊహించువాని పనిని తేలిక చేయును. వ్యక్తిగత సమాచారమును కాపాడుకొనవలె ననుటకు ఇదియే కారణము.

ఈ-ఆధార్ పత్రమును చూడుడు. దానిని తెరచు పాస్‌వర్డు, పేరులోని మొదటి నాలుగు ఆంగ్లాక్షరములును, పుట్టిన సంవత్సరమును. ఈ పద్ధతి అందరికిని తెలిసినదే. కనుక ఫైలు చేజిక్కినవానికి మన పేరు తెలిసినచో, సంవత్సరమును కనుగొనుట కష్టము కాదు. జిరాక్సు దుకాణములో ముద్రించుకొన్న పిదప అక్కడి కంప్యూటరునుండి ఆ ఫైలును తీసివేయించవలెను. ఆధార్ సంఖ్యలో చివరి నాలుగంకెలే కనబడు పత్రము కూడ లభించును. చాలినచోట దానినే ఇయ్యవలెను. పాఠశాలలవారు వాట్సాప్ గ్రూపులలో పట్టికలు పంపునపుడు పుట్టినతేదీలను, ఫోను నంబర్లను తొలగించి పంపవలెను.

పాస్‌వర్డును బలపరచు మార్గము పొడవు. తోచినట్లు ఏరిన ఎనిమిది చిన్న ఆంగ్లాక్షరములతో 20,882 కోట్లకు పైగా కూర్పులు కలవు. మరి నాలుగక్షరములు చేర్చినచో అవి 4,56,976 రెట్లగును. అయితే ఒక్క పాస్‌వర్డునే అన్నిచోట్ల వాడరాదు. ఒకచోట బయటపడినచో తక్కిన తలుపులన్నియు తెరచుకొనును.

ఇక ఫోనునకు వచ్చు ఓటీపీ సంగతి. ఆరంకెలున్న ఓటీపీలో 10 లక్షల అవకాశములున్నవి. అది కొద్ది నిమిషములకే చెల్లును. తప్పు ప్రయత్నములకు పరిమితి యుండును. మూడుసార్లు ప్రయత్నించినను అది చిక్కు అవకాశము 10 లక్షలలో మూడు మాత్రమే. అందువలన మోసగాడు ఊహించుటకు పూనుకొనడు. "బ్యాంకునుండి మాట్లాడుచున్నాము" అని మనలనే అడుగును. మనము చెప్పినచో అతనికి ఒక్క ప్రయత్నమే చాలును. గణితమిచ్చిన రక్షణ యంతయు ఒక్క మాటతో పోవును.

2016లో మొదలైన యూపీఐ విధానములో పిన్ కావలసినది డబ్బు పంపుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. "మీకు డబ్బు వచ్చును, పిన్ కొట్టుడు" అని ఎవరైన అన్నచో అది మోసమే. మోసపోయినచో సిగ్గుపడక వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది సొమ్ము ఖాతానుండి ఖాతాకు మారిపోవును.

ఉపాధ్యాయులు ఈ లెక్కలను తరగతిలో చేయించి, ఆ సాయంకాలమే ఇంటిలోని తాతకు, అమ్మమ్మకు వివరింపుమని పిల్లలకు చెప్పుట మంచిది. ఇట్టి ఫోను పిలుపులు వారికిని వచ్చును.